మందు కొట్టి పరిగెత్తిందట!

"మందు కొట్టి పరిగెడితే ఎవరైనా గెలుస్తారండీ!"

మొన్న జనవరిలో ఏలూరులో ఆడపిల్లల 800 మీటర్ల పరుగు చూడ్డానికి వెళ్లినప్పుడు నా వెనక నిలబడ్డ ఒక తండ్రి అన్న మాట ఇది. అన్నది మా పిన్ని మనవరాలి గురించి. పరుగుకి పావుగంట ముందు పాప ట్రాక్ పక్కన నిలబడి నీలం రంగు ఇన్‌హేలర్ రెండుసార్లు నొక్కుకుని పీల్చింది. అది ఆయన చూశాడు. పాప మూడోదిగా వచ్చింది. ఆయన కూతురు నాలుగోది. ఆయన దుర్మార్గుడేం కాదు. కూతురికి కొబ్బరినీళ్లు, తువ్వాలు పట్టుకుని తెల్లారకముందే వచ్చిన మనిషి. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు చూసి ఆయనకి కడుపు రగిలింది, అంతే. అది నాకు అర్థమయింది. కానీ వెనక్కి తిరిగి ఒక్క మాట చెప్పలేకపోయాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నోరు మూసుకుపోయింది. నా చేతి సంచిలో కూడా అలాంటిదే ఇంకో నీలం డబ్బా ఉంది మరి!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నేనేమో అనిపించింది. మందు తీసుకుని పరిగెత్తడం, మందు తీసుకోని పిల్లతో పోటీ పడటం, ఇది సరైనదేనా? నేను పుస్తకాలు చదివే మనిషిని. ఏ ప్రశ్న వచ్చినా ముందు అందులోని మాటలు పట్టుకుని చూడటం అలవాటు. అలాగే మొదలుపెట్టాను.

'మందు' అనే మాట మన భాషలో ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. జబ్బుకి వేసుకునేది మందు. సాయంత్రం మగవాళ్లు తాగేది మందు. చేలో పురుక్కి కొట్టేది మందు, చేపల చెరువులో చల్లేది మందు. తుపాకీలో కూరేది మందు. వీటన్నిటికంటే పాతది ఇంకొకటుంది: 'మందు పెట్టడం'. కొడుకు పెళ్లాం మాట వింటే "అన్నంలో ఏదో మందు పెట్టేసిందమ్మా" అంటారు. మగవాడికి ఇష్టమై చేసిన పనికి కూడా ఆడదాని చేతిలో ఒక మందు ఉండి తీరాలి. ఆమె దగ్గర ఏదైనా శక్తి కనిపిస్తే అది ఆమెది కాదు, మందుది. ఆ తండ్రి నోట్లోంచి వచ్చిన మాట వెనక ఇంత చరిత్ర ఉంది. ఒక మగపిల్లాడు గెలిస్తే "దమ్మున్నోడు" అంటాం. దమ్ము అంటే ఊపిరి, దమ్ము అంటే ధైర్యం కూడా. ఆడపిల్లకి ఊపిరి ఆడకపోతే మాత్రం దాన్ని 'ఆయాసం' అంటాం, 'నీరసం' అంటాం. దమ్ము అనే మాట ఆమె దాకా రానే రాదు.

ఉబ్బసానికి మనవాళ్లకి అన్నిటికంటే బాగా తెలిసిన మందు హైదరాబాదులో మృగశిర కార్తెకి వేసే చేప మందు. బత్తిని కుటుంబం పసుపు రంగు ముద్దని బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. వరసగా మూడేళ్లు తీసుకోవాలంటారు. కొర్రమీను మా కొల్లేటి చేప కూడా కాబట్టి మా వైపు దాని మీద నమ్మకం ఇంకో పిసరు ఎక్కువ. నన్ను కూడా చిన్నప్పుడు రెండేళ్లు తీసుకెళ్లారు. మూడో ఏడు నేను గుక్కపట్టి ఏడిస్తే వదిలేశారు. అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. నేను చెప్పదలచుకున్నది అది కాదు. హేతువాదులు, జనవిజ్ఞాన కార్యకర్తలు అభ్యంతరం పెట్టాక దాని పేరు 'చేప మందు' నుంచి 'చేప ప్రసాదం'గా మారింది. చేప మారలేదు, ముద్ద మారలేదు, మాట మారింది. మందు అంటే జవాబు చెప్పుకోవాలి. ప్రసాదం అంటే అక్కర్లేదు. ఏది మందు, ఏది కాదు అని నిర్ణయించేది ఒక్కోసారి వస్తువు కాదు, దాన్ని పిలిచే అధికారం.

నా పరిశోధన స్త్రీల నవలల్లో జబ్బుల మీద. నేను చదివినంతలో మన కథానాయికలకి వచ్చే జబ్బులు క్షయ, గుండెజబ్బు, కాన్సరు, పిచ్చి. అవన్నీ అందంగా చంపే జబ్బులు. ఉబ్బసం మాత్రం అరుగు మీద కూర్చుని రాత్రంతా దగ్గే తాతగారికో, కోడల్ని సాధించే అత్తగారికో వస్తుంది. 1953 'దేవదాసు'లో నాగేశ్వరరావు దగ్గు చూసి ఎన్ని తరాలు కన్నీళ్లు పెట్టుకున్నాయి! మగవాడు దగ్గితే విషాదం. ఇరవై ఏళ్ల ఆడపిల్ల పిల్లికూతలతో ఊపిరి పీల్చుకుంటూ తన పని తాను చేసుకుపోయే కథ నాకు తగల్లేదు. పరిగెత్తే ఆడపిల్ల కథలే తక్కువ. 1991లో వచ్చిన 'అశ్విని' సినిమాలో అశ్విని నాచప్ప తన పాత్ర తనే వేసింది. నిజమైన పరుగుగత్తె తెర మీద పరిగెత్తడం మాకు అప్పట్లో పండగ. అయినా ఆ సినిమా గుర్తు చేసుకుంటే కళ్లముందు మెదిలేవి ఆమె కాళ్లు, ఆమె కష్టాలు. ఆమె ఊపిరి ఎలా ఉందో ఎవరమూ అడగలేదు.

సరే, రూల్ ఏం చెబుతోందో చూద్దాం. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ప్రతి ఏడాదీ నిషిద్ధ పదార్థాల జాబితా వేస్తుంది. నేను దాన్ని ఒక పాఠ్యంలాగే చదివాను. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ అందులో ఉంది. మన మందుల షాపుల్లో అస్తాలిన్ పేరుతో దొరికేది ఇదే. అసలు నిబంధన ఏమిటంటే, ఈ కుటుంబానికి చెందిన మందులన్నీ పోటీ రోజుల్లోనూ, మామూలు రోజుల్లోనూ నిషిద్ధమే. దానికి కొన్ని మినహాయింపులు. సాల్బుటమాల్‌ని పీల్చుకుంటే 24 గంటల్లో 1600 మైక్రోగ్రాముల దాకా అనుమతి. ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. మన ఇన్‌హేలర్ ఒక్క నొక్కుకి 100 మైక్రోగ్రాములు ఇస్తుంది. అంటే రోజుకి 16 నొక్కులు, 8 గంటల్లో 6. పాప నొక్కింది 2. మూత్రంలో మిల్లీలీటరుకి 1000 నానోగ్రాములు దాటితే అది పీల్చిన మందు కాదని అనుమానించి సంజాయిషీ అడుగుతారు. 2010కి ముందైతే ఈ పీల్చే మందుకి కూడా అనుమతి కాగితం ఉండాల్సిందే. ఇప్పుడు ఆ పరిమితి లోపల కాగితం అక్కర్లేదు.

అదే మందు మాత్రగా మింగితే? నిషేధం. 4 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి మింగితే 4000 మైక్రోగ్రాములు, 40 నొక్కులతో సమానం. సిరప్ తాగినా నిషేధమే. మన దగ్గర కొన్ని దగ్గు సిరప్‌లలో టెర్బుటలిన్ అనే ఇంకో మందు ఉంటుంది. దానికైతే పీల్చినా మినహాయింపు లేదు. నర్సింగ్ హోములో మూతికి మాస్కు పెట్టి నెబులైజర్ పట్టిస్తారే, అందులో వేసే చిన్న గొట్టంలో మామూలుగా 2.5 మిల్లీగ్రాములుంటుంది. ఒక్కసారి పడితే రోజు మొత్తం పరిమితి దాటిపోయినట్టే. ప్రాణం మీదికొచ్చి పట్టించుకుంటే తర్వాత అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. బెట్నెసాల్, వైసలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు, డెక్సోనా ఇంజక్షన్లు పోటీ సమయంలో నిషిద్ధం. పీల్చే స్టెరాయిడ్ మాత్రం వాడుకోవచ్చు.

అదే అణువు, అదే రోగం. ముక్కూ నోరూ ద్వారా ఊపిరితిత్తుల్లోకి వెళితే వైద్యం, గొంతు దిగి కడుపులోకి వెళితే మోసం! మొదట చదివినప్పుడు నాకు ఇది చేప మందు, చేప ప్రసాదం గొడవలాగే కనిపించింది. కానీ తొందరపడ్డాను. ఇక్కడ తేడా పేరులో లేదు, దారిలో ఉంది. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుపోతుంది, లోపలి పొర వాస్తుంది. పీల్చిన మందు నేరుగా అక్కడికి చేరి ఆ బిగింపు సడలిస్తుంది, రక్తంలోకి కొద్దిగానే వెళుతుంది. మింగిన మందు అంతకు ఎన్నో రెట్ల మోతాదులో రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కాలి కండరాల్లో కూడా అదే రకం తాళాలున్నాయి, అక్కడా తెరుస్తుంది. పెద్ద మోతాదులో కండరాల బలానికీ, కొద్దిసేపటి వేగానికీ అది సాయపడుతుందని తేలింది. పశువుల కండ పెంచడానికి దొంగచాటుగా వాడే క్లెన్‌బ్యుటెరాల్ ఈ కుటుంబంలోదే. కాబట్టి రూల్ తలాతోకా లేనిదేం కాదు.

మరి ఉబ్బసం లేని పిల్ల రెండు నొక్కులు పీల్చుకుంటే వేగం పెరుగుతుందా? అనుమతించిన మోతాదులో పీల్చే సాల్బుటమాల్ ఆరోగ్యవంతుల ఓపికని చెప్పుకోదగ్గంతగా పెంచదనే పరిశోధనలు చాలావరకు చెబుతున్నాయి. కారణం సులువే. ఆరోగ్యంగా ఉన్న మనిషి పరుగుని ఆపేది ఊపిరితిత్తులు కాదు, గుండె ఎంత రక్తం తోడగలదన్నది, కండరాలు దాన్ని ఎంత వాడుకోగలవన్నది. మా కొల్లేటి వాళ్లకి చెప్పాలంటే ఇలా చెబుతాను: బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చిన నీరంతా ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. ఉప్పుటేరు పూడిపోతే ఊళ్లు మునుగుతాయి. పూడిక తీస్తే కొల్లేరు తన మట్టానికి తాను వస్తుంది. పూడికే లేనిచోట ఎంత తవ్వినా సముద్రం ఇంకాస్త దగ్గరకి రాదు. పాప ఇన్‌హేలర్ చేసింది పూడిక తీయడం.

ఇక్కడితో ఆపేస్తే నేను లాయరునవుతాను గానీ విమర్శకురాలిని కాను. ఆ తండ్రి పక్షాన కూడా మాట్లాడాలి. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన అమెరికా జట్టులో 597 మందిని పరీక్షిస్తే 67 మందికి వ్యాయామంతో వచ్చే ఉబ్బసం ఉందని తేలింది. వాళ్లు 41 పతకాలు గెలిచారు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇంత బాగా గెలుస్తున్నారేమిటి అని ప్రపంచమంతా అనుమానపడింది. లేని జబ్బు ఉందని కాగితం తెచ్చుకునే వాళ్లున్నారేమోనని 2002 నుంచి ఒలింపిక్స్‌లో పరీక్షల రుజువు తప్పనిసరి చేశారు. అలా రుజువు అడిగాక కూడా వందకి ఎనిమిది మంది దాకా నిజంగానే ఉబ్బసం ఉన్నవాళ్లు తేలారు. వాళ్లు మిగతావాళ్లకంటే బాగానే రాణించారు కూడా. దీనికి వైద్యులు చెప్పే కారణాల్లో ఒకటి నన్ను ఆలోచింపజేసింది. ఏళ్ల తరబడి చల్లటి పొడిగాలినో, ఈతకొలను క్లోరిన్‌నో గంటలకొద్దీ గుండెల నిండా లాగితే ఊపిరి గొట్టాలు దెబ్బతింటాయి. అంటే చాలామందికి ఆట వల్లనే ఉబ్బసం వచ్చింది. అది వాళ్ల వృత్తి రోగం.

వృత్తి రోగం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా వైపు ఆడవాళ్లు ఏ పోటీలో పాల్గొని ఈ రోగం తెచ్చుకున్నారు? తాడేపల్లిగూడెం చుట్టూ రైస్ మిల్లులు. ఊక దుమ్ము, ఊక బూడిద గాలిలో తేలుతూనే ఉంటాయి. పాప వాళ్ల నాన్న మిల్లులోనే పనిచేస్తాడు. ఆ చొక్కాలు దులిపి ఉతికేది వాళ్లమ్మ. లంక ఊళ్లో మా పిన్ని నలభై ఏళ్లు పుల్లల పొయ్యి ఊదింది. రొయ్యలు వలిచే షెడ్లలో కూర్చునే వాళ్లంతా ఆడవాళ్లే. రొయ్య, పీత వలిచే పనిలో ఉబ్బసం రావడం ప్రపంచమంతా ఎరిగిన సంగతి. అమెరికా ఈతగాడికి వచ్చిన వృత్తి రోగానికి స్పెషలిస్టు కాగితం ఉంటుంది. మా పిన్నికి వచ్చినదానికి పేరే లేదు. "అమ్మకి కాస్త ఆయాసం" అంటారు. అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నన్ను ఈ వ్యాసం రాయించింది ఇదే.

పాపకి ఆరేళ్లప్పటినుంచీ ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ మాత్రం పోయిన ఏడే మొదలుపెట్టింది. అప్పటిదాకా ఏం వాడిందని వాళ్లమ్మని అడిగాను. మా అక్క గొంతు తగ్గించి చెప్పింది: "మాత్రలేనే. మన ఊరి డాక్టరు గారు పొట్లం కట్టి ఇచ్చేవోరు. ఎక్కువైతే ఇంజక్షను. ఆ పీల్చేది నలుగురిలో తీస్తే ఆడపిల్లకి ఉబ్బసమని ఊరంతా తెలిసిపోద్ది కదా. రేపు సంబంధాలొచ్చేటప్పుడో?"

నాకేమీ కొత్తగా అనిపించలేదు. నా పెళ్లిచూపులప్పుడు మా అమ్మ నా ఇన్‌హేలర్‌ని బియ్యం డబ్బాలో దాచింది. వచ్చినవాళ్లు వెళ్లేదాకా నేను వంటింట్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఆ సంబంధం కుదరలేదు, అది నా అదృష్టం. మా బంధువుల్లో ఒకామెకి కుదిరింది. పెళ్లయిన మూడో నెలలో సూట్‌కేసు అడుగున ఇన్‌హేలర్ దొరికితే "మోసం చేసి అంటగట్టారు" అని పంచాయితీ పెట్టారు. గమనించారా, ఆ మాట కూడా 'మోసమే'! ట్రాక్ మీద ఆ తండ్రి అన్నదీ, పెళ్లి పంచాయితీలో పెద్దలన్నదీ ఒకటే మాట. ఆడపిల్ల శరీరం వేరేవాళ్లు కొనుక్కునే సరుకైనప్పుడు దాని లోపం దాచడం మోసం. అది పోటీ పడే శరీరం అయినప్పుడు దాని లోపాన్ని సరిచేసుకోవడం మోసం.

ఈ రెండు మోసాల మధ్య ఏం జరుగుతోందో చూడండి. పీల్చే మందు కంటికి కనపడుతుంది కాబట్టి ఇంట్లో సిగ్గు. మాత్ర గుట్టుగా మింగొచ్చు కాబట్టి మాత్ర ఇస్తారు. పైగా "పీల్చేది అలవాటైపోద్ది, ఇక వదలదు" అనే భయం ఒకటి. నిజానికి పీల్చేది చాలా తక్కువ మోతాదు, జబ్బు ఉన్నచోటికే వెళుతుంది. మాత్రకి గుండెదడ, చేతుల వణుకు ఎక్కువ. స్టెరాయిడ్ మాత్రలు ఏళ్ల తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి. మొహం ఉబ్బుతుంది. పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది. అయినా మాత్రకే ఓటు. ఇక ఆ పిల్ల పరుగులో పైకొచ్చి జాతీయ పోటీలకి వెళితే, అక్కడ మూత్ర పరీక్ష చేస్తే? కనపడే మందు వాడిన పిల్ల నిర్దోషి. కనపడని మందు మింగిన పిల్ల దోషి. పెళ్లి సంబంధం కోసం దాచిన జబ్బు డోపింగ్ కేసుగా బయటపడుతుంది. ఏ దురుద్దేశమూ లేకపోయినా, ఒంట్లో ఏం దొరికినా బాధ్యత క్రీడాకారిణిదే అంటుంది చట్టం. 2022లో మనదేశం చేసిన డోపింగ్ నిరోధక చట్టం కూడా ఆ ప్రపంచ నియమావళినే అనుసరిస్తుంది.

కొల్లేటి లంకలో ఉన్న ఆడపిల్ల అనుమతి కాగితం తెచ్చుకోవాలంటే ఏం కావాలి? ఊపిరి గొట్టంలోకి ఊది కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష కావాలి. మందు పీల్చాక ఊపిరి వేగం 12 శాతం పైగా మెరుగైందనో, పరుగు తర్వాత 10 శాతం పడిపోయిందనో రికార్డు కావాలి. జబ్బు చరిత్ర రాసిన వైద్యుడు కావాలి. పొట్లాలు కట్టి ఇచ్చిన డాక్టరు గారు మందు పేరే రాయలేదు, ఇక చరిత్ర ఎక్కడ రాస్తాడు? జాతీయ స్థాయికి చేరని పిల్లలకి తర్వాత దరఖాస్తు చేసుకునే వీలు రూల్లో ఉంది. ఆ సంగతి వాళ్లకి చెప్పేదెవరు? కాగితం సరిగ్గా ఉన్నా గ్యారంటీ లేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదహారేళ్ల అమెరికా ఈతగాడు రిక్ డిమాంట్ 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. తన ఉబ్బసం మందు పేరు ముందే ఫారంలో రాశాడు. అందులో ఎఫిడ్రిన్ ఉందని అతని సొంత జట్టు అధికారులే పట్టించుకోలేదు. పతకం లాగేసుకున్నారు. తప్పు తమవాళ్లదని అమెరికా ఒలింపిక్ కమిటీ ఒప్పుకోవడానికి 2001 దాకా పట్టింది. అమెరికా కుర్రాడికే అలా జరిగితే, మండవల్లి, కైకలూరు వైపు పిల్లల మాటేమిటి?

న్యాయం గురించి ఇంకో మాట. ఆటలో న్యాయం అనేసరికి అందరూ 'సహజం' అంటారు. సహజమైన శరీరం, సహజమైన బలం. ఈ సహజం ఎక్కడుందో వెతుకుదామని నేను మా జిల్లా చరిత్రలోకే వెళ్లాను. మా పశ్చిమగోదావరి మార్టేరు నుంచి వచ్చిన సత్తి గీత 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ 4x400 రిలే ఫైనల్లో పరిగెత్తింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో అదే రిలేలో బంగారు పతకం గెలిచిన నలుగురిలో ఒకతె. ఆ నలుగురిలో ఇంకొకామె పింకీ ప్రామాణిక్. ఆమెని 2012లో "నువ్వు ఆడదానివి కావు" అంటూ అరెస్టు చేశారు. ఆమె శరీరాన్ని పరీక్షల పేరుతో బజారున పెట్టారు. 2014లో కలకత్తా హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. అదే దోహాలో 800 మీటర్ల రజతం గెలిచిన తమిళమ్మాయి శాంతి సౌందరరాజన్ పతకాన్ని లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. హైదరాబాదులో శిక్షణ తీసుకుంటున్న ద్యుతీ చంద్‌ని 2014లో సహజంగా ఉన్న హార్మోను ఎక్కువైందని ఆపేశారు. 2015లో క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనని నిలిపేసింది. (అదే ద్యుతీ 2023లో నిషిద్ధ మందుల కేసులో నాలుగేళ్ల నిషేధానికి గురైంది. అది వేరే సంగతి, దాచాల్సిన పని లేదు. మొదటి అన్యాయం దానితో న్యాయమైపోదు.) 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ స్థాయిలో ఆడవాళ్ల విభాగంలో పరిగెత్తాలంటే జన్యు పరీక్ష చేయించుకోవాల్సిందే అన్నారు. మగవాళ్ల విభాగానికి అలాంటి పరీక్ష లేదు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ద్యుతీతో ఏమన్నారు? నీ ఒంట్లో సహజంగా ఉన్నది ఎక్కువైంది, మందు వేసుకుని తగ్గించుకో, అప్పుడే న్యాయం. పాపతో ఆ తండ్రి ఏమన్నాడు? నీ ఒంట్లో సహజంగా ఉన్నది తక్కువైంది, మందు వేసుకుని సరిచేసుకోకు, అప్పుడే న్యాయం. ఒకచోట సహజం నేరం, ఇంకోచోట సహజమే శీలం. రెండుచోట్లా బోనులో నిలబడింది ఆడపిల్లే. అంటే మనం న్యాయం అంటున్నది ఒక కొలబద్ద కాదు, ఒక చూపు. కళ్లజోడు పెట్టుకుని బాణం వేసేవాడిని మోసగాడని ఎవరూ అనరు. పది వేల రూపాయల బూట్లు వేసుకున్న పిల్లనీ, రోజూ గుడ్లూ బాదంపప్పులూ తిన్న పిల్లనీ అనుమానించరు. అనుమానం రెండు నొక్కుల ఇన్‌హేలర్ మీదికే వచ్చింది.

డోపింగ్ లేదని నేననను. 2011లో మన రిలే అమ్మాయిలు ఆరుగురు స్టెరాయిడ్లతో పట్టుబడ్డారు. కోచ్ ఇచ్చిన బలం మాత్రల్లో ఉన్న సంగతి తమకి తెలియదన్నారు. ఏం మింగుతున్నావో తెలుసుకునే హక్కు, అడిగే ధైర్యం, కోచ్‌కి ఎదురు చెప్పే చోటు, ఇవేవీ లేకుండా పెరిగిన ఆడపిల్లకి 'బాధ్యత నీదే' అని చెప్పడం చట్టానికి సులువే. అందుకే పరిమితులు ఉండాలనే నేనూ అంటాను. ఆ 1600 అంకె ఉండాలి, మూత్ర పరీక్ష ఉండాలి. కానీ ఆ అంకెతో పాటే ప్రతి మండలంలో ఒక స్పైరోమీటరు ఉండాలి, మందు పేరు రాసిన చీటీ ఉండాలి, ఆ చీటీ చదవడం నేర్పే పీటీ మాస్టారుండాలి. అవి లేకుండా రూల్ ఒక్కటే ఉంటే, అది చదువుకున్నవాళ్లకి రక్షణ, చదువు లేనివాళ్లకి ఉచ్చు.

పోయిన నెల తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత రన్‌వే ఉంది. విమానాలు రావు గానీ పొద్దున్నే మనుషులొస్తారు. నడిచేవాళ్లు, పోలీసు ఉద్యోగాల కోసం పరిగెత్తేవాళ్లు. పాప కూడా అక్కడే పరిగెడుతుంది. ఏలూరులో ఆ తండ్రి అన్నమాట పాపకి కూడా వినపడిందని నాకు అప్పుడే తెలిసింది.

"నువ్వేమన్నావే?" అన్నాను.

"ఏమన్లేదు పిన్నీ. వాళ్ల అమ్మాయి నా దగ్గరకొచ్చింది. తనకీ పరిగెత్తాక ఛాతీ పట్టేస్తుందంట, దగ్గు ఆగదంట. ఇంట్లో చెప్పలేదంట. నాది ఎక్కడ కొన్నావని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"కొనుక్కోకు, ముందు డాక్టర్ని కలువు, ఊదించి చూస్తారు అని చెప్పాను. మా పిన్ని వస్తుంది తోడు కావాలంటే అన్నాను." కాస్త ఆగి అంది. "వస్తావా?"

వస్తానన్నాను. ఆ తండ్రికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు ఆయన కూతురితో కలిసి ఆసుపత్రి క్యూలో నిలబడి చెప్పాలి. అంతకన్నా ముందు నేను చేయాల్సిన పని ఒకటుంది. మా అమ్మ బియ్యం డబ్బాలో పెట్టడం మొదలుపెట్టిన వస్తువుని నేను పదేళ్లుగా చేతి సంచి అడుగునే పెట్టుకుంటున్నాను. క్లాసులో ఊపిరి పట్టేస్తే ఇప్పటికీ స్టాఫ్ రూములోకి పరిగెత్తి, తలుపు వేసుకుని పీలుస్తాను. రేపటి నుంచి పిల్లల ముందే పీలుస్తాను. నాలుగో బెంచీలో ఎవరైనా ఒక పిల్ల తన సంచిలోకి చెయ్యి పెట్టుకోవచ్చు.